ముందు సున్నా రన్: బుల్లెట్ క్లస్టర్ ప్రాజెక్టు డైరీ

జూన్ 14, 2025, శనివారం

చాలా రోజుల నుంచి మనసులో నానుతున్న పని ఇవాళ మొదలుపెట్టా. రెండు గెలాక్సీ గుంపులు ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటే వాటిలో ఉన్న గ్యాస్ ఏమవుతుంది, గెలాక్సీలు ఏమవుతాయి, కంటికి కనపడని డార్క్ మ్యాటర్ ఏమవుతుంది, ఈ మూడూ ఎందుకు విడిపోతాయి, ఎంత దూరం విడిపోతాయి, ఇదంతా చదివింది చాలు, మల్కాజ్‌గిరిలో మా ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ మీద నేనే గుద్దించి చూడాలని.

నమూనాకి బుల్లెట్ క్లస్టర్‌నే తీసుకున్నా. దాని కేటలాగ్ నంబర్ 1ఈ 0657-56, మన నుంచి సుమారు 370 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. చలికాలం రాత్రి డాబా ఎక్కి దక్షిణం వైపు చూస్తే కింద అగస్త్య నక్షత్రం కనిపిస్తుంది కదా, దానికి ఆరు డిగ్రీల దూరంలోనే ఉంది ఇది, చేయి చాపి పిడికిలి పడితే పది డిగ్రీలు అనుకుంటే అందులో సగం కంటే కొంచెం ఎక్కువ. కంటికి కనపడదు. కానీ అటు వైపు వేలు పెట్టి చూపించగలను అనే సంగతే నాకు చాలా పెద్దగా అనిపించింది.

దీని సంగతి తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు. క్లస్టర్ అంటే వందల వేల గెలాక్సీలు ఒకే గ్రావిటీ గుంటలో తిరిగే గుంపు. బరువు లెక్క చూస్తే గెలాక్సీల్లో ఉన్న నక్షత్రాలన్నీ కలిపి నూటికి ఒకటి రెండు వంతులు, వాటి మధ్య ఖాళీలో నిండి ఉన్న వేడి గ్యాస్ పది పదిహేను వంతులు, మిగతాదంతా డార్క్ మ్యాటర్. 1933లోనే ఫ్రిట్జ్ జ్వికీ కోమా క్లస్టర్‌లో గెలాక్సీల వేగాలు చూసి, కనిపించే బరువు చాలట్లేదు అని చెప్పాడు. బుల్లెట్‌లో ఏం జరిగిందంటే చిన్న గుంపు పెద్ద గుంపులోంచి దూసుకెళ్ళింది, గ్యాస్ గ్యాస్‌ని ఢీకొని మధ్యలో వెనకబడింది, గెలాక్సీలు ముందుకి వెళ్ళిపోయాయి. గ్యాస్‌ని చంద్రా ఎక్స్‌రే టెలిస్కోప్ వంద గంటలకు పైగా చూసింది (మన చంద్రశేఖర్ పేరే దానికి). బరువు ఎక్కడ ఉందో గ్రావిటేషనల్ లెన్సింగ్‌తో కొలిచారు, అంటే వెనక ఉన్న గెలాక్సీల రూపాలు ఎంత వంగాయో చూసి. 2006లో క్లో, ఆయన తోటివాళ్ళు చూపించింది ఇదే: మామూలు పదార్థంలో ఎక్కువ బరువు గ్యాస్‌దే అయినా లెన్సింగ్ చూపించే బరువు గ్యాస్ దగ్గర లేదు, గెలాక్సీల దగ్గర ఉంది.

గ్యాస్ వెనకబడటం అందరికీ తెలిసిన కథే. నాకు కావాల్సింది దాని తర్వాతి ప్రశ్న. డార్క్ మ్యాటర్ కణాలు ఒకదాన్నొకటి కాస్తయినా తగులుకుంటే, అవి గెలాక్సీల కన్నా కొంచెం వెనకబడాలి. ఆ కొంచెం ఎంత?

జూన్ 17, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చాక రెండు గంటలు. గ్రావిటీ కోడ్ రాశా, పైథాన్‌లో. దూరం కిలోపార్సెక్‌లలో (ఒకటి అంటే 3,260 కాంతి సంవత్సరాలు), వేగం సెకనుకి కిలోమీటర్లలో, బరువు వెయ్యి కోట్ల సూర్యుళ్ళు ఒక యూనిట్‌గా. ఈ యూనిట్లలో జీ (గ్రావిటీ ఎంత బలంగా లాగుతుందో చెప్పే స్థిరాంకం) విలువ 43,009 వస్తుంది. ఈ నంబర్ కాయితం మీద రాసి మానిటర్‌కి అంటించా.

20,000 డార్క్ మ్యాటర్ కణాలు పెట్టి, ప్రతి కణం మిగతా అన్నిటినీ లాగేట్టు నంపైతో (పైథాన్‌లో లెక్కల లైబ్రరీ) ఒకే దెబ్బకి లెక్క వేయబోతే మెషిన్ బిగుసుకుపోయింది. 20,000ని 20,000తో గుణిస్తే 40 కోట్ల జతలు, ఒక్కో నంబర్‌కి 8 బైట్లు అంటే 3.2 జీబీ, ఎక్స్ వై జెడ్ మూడింటికీ దాదాపు పది జీబీ, నా దగ్గర ఉన్న ర్యామ్ ఎనిమిది. శనివారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి వెళ్ళి ఇంకో ఎనిమిది జీబీ సెకండ్ హ్యాండ్‌ది తెద్దామనుకున్నా కానీ ఆగి ఆలోచిస్తే జతలన్నీ ఒకేసారి మెమరీలో ఉంచాల్సిన పనే లేదు, లూప్‌లో ఒక్కో కణానికి లెక్క వేసి నంబా (పైథాన్ కోడ్‌ని వేగంగా నడిపే టూల్) పెట్టి కంపైల్ చేస్తే సరిపోతుంది. చేశా, పరిగెడుతోంది. ర్యామ్ డబ్బులు మిగిలాయి.

ముందు ఒక్క క్లస్టర్‌నే ఊరికే అలా వదిలి చూశా, దానంతట అది నిలబడుతుందా లేదా అని. 200 కోట్ల సంవత్సరాలు నడిపితే ఎనర్జీ తేడా ఒక శాతం లోపే. ఇది నిలబడకుండా గుద్దించడం దండగ.

జూన్ 22, ఆదివారం

గ్యాస్ పెట్టా. చిన్న చిన్న గ్యాస్ ముద్దలు ఉన్నట్టు, ప్రతి ముద్దా పక్క ముద్దల సాంద్రత చూసుకుని ప్రెషర్‌తో నెట్టేట్టు రాయడం, దీన్ని ఎస్‌పీహెచ్ అంటారు. రాయడానికి మూడు రాత్రులు పట్టింది. రెండు క్లస్టర్లు పెట్టి వదిలితే నా ముందు జరిగింది చూసి కుర్చీలోంచి లేచా: గ్యాస్ ముద్దలు ఒకదాంట్లోంచి ఒకటి నింపాదిగా దాటుకుని అటు వెళ్ళిపోయాయి! డార్క్ మ్యాటర్ ఎలా వెళ్ళిందో అలాగే. షాక్ (గ్యాస్ ధ్వని కన్నా వేగంగా ఢీకొంటే ముందు లేచే అల) లేదు, వెనకబడటం లేదు, ఏమీ లేదు.

గంటన్నర వెతికితే దొరికింది. ఆర్టిఫిషియల్ విస్కాసిటీ అనే ముక్క నేను ఇంకా పెట్టలేదు, అంటే దగ్గరకి దూసుకొస్తున్న రెండు గ్యాస్ ముద్దల మధ్య రాపిడిలా పనిచేసి వేగాన్ని వేడిగా మార్చే లెక్క. అది లేకపోతే ఎదురెదురు ప్రవాహాలు ఒకదాంట్లోకి ఒకటి చొరబడిపోతాయి. పెట్టాక మళ్ళీ నడిపితే చిన్న గ్యాస్ ముద్ద ముందు విల్లులా వంగిన షాక్ గీత వచ్చింది, అచ్చం చంద్రా ఫోటోలో ఉన్నట్టే. ఈ తప్పు వల్ల నాకు గట్టిగా ఎక్కిన సంగతి ఒకటి ఉంది. గ్యాస్‌కీ డార్క్ మ్యాటర్‌కీ గ్రావిటీ ఒకటే, పడే గుంట ఒకటే, తేడా అంతా కణానికీ కణానికీ మధ్య ఉన్న ఆ తగులుకోవడంలోనే ఉంది.

రాత్రి పదకొండుకి అసలు పెద్ద రన్ పెట్టి పడుకున్నా. నాలుగింటికి వాన, కరెంట్ పోయింది, ఇన్వర్టర్ పావుగంట లాగి ఆగింది, ఐదు గంటల రన్ పోయింది. అమ్మ లేచొచ్చి "ఏమైంది బిడ్డా, గిప్పటిదాంక పండుకోలేదా" అంది. ఇక నుంచి ప్రతి వంద స్టెప్పులకీ డిస్క్‌లో సేవ్.

జూన్ 29, ఆదివారం

ఇవాళ కంప్యూటర్ ముట్టలేదు. అక్క వాళ్ళమ్మాయి వచ్చింది, ఇంటర్ సెకండియర్. స్క్రీన్ మీద చుక్కలు చూపిస్తే "మామా, ఇవి చుక్కలే కదా, నిజంగా ఎట్ల విడిపోతాయి" అంది. మాటల్లో చెప్పే బదులు సాయంత్రం డాబా మీదకి తీసుకెళ్ళా.

చింతగింజలు రెండు డబ్బాలు. యాభైకి సున్నం పూసి తెల్లగా చేశాం, యాభై అలాగే ఉంచాం. నేను ఈ చివర, అది ఆ చివర, మధ్యలో నాలుగు గజాలు, ఇద్దరి వెనకా పాత దుప్పట్లు పరిచి, ఒకటి రెండు మూడు అని ఒకేసారి గుప్పిళ్ళు విసిరాం. గాల్లో టక్ టక్ అని రెండు చప్పుళ్ళు వినిపించాయి అంతే. దుప్పటి మీద లెక్కపెడితే అటు వెళ్ళాల్సినవి యాభైలో నలభై ఏడు అటే వెళ్ళాయి. ఇవి గెలాక్సీలు. గుంపు ఎంత దట్టంగా కనిపించినా గెలాక్సీకీ గెలాక్సీకీ మధ్య ఖాళీ చాలా ఎక్కువ, ఎదురుబొదురుగా తగిలేవి తక్కువ.

తర్వాత మొక్కలకి పట్టే పైపులు రెండు ఎదురెదురుగా పెట్టి నీళ్ళు వదిలాం. ధారలు మధ్యలో కలిసిన చోట పళ్ళెంలా విచ్చుకుని కిందకి జారిపోయాయి, ఏ ధారా అవతలి వైపుకి పోలేదు. ఇది గ్యాస్. చీకటి పడ్డాక టార్చిలు రెండు ఎదురెదురుగా వేశాం, అగరొత్తుల పొగలో రెండు వెలుగు కడ్డీలూ ఒకదాన్నొకటి దాటి గోడ మీద పడ్డాయి, ఒకటి ఆర్పి ఒకటి వెలిగించినా గోడ మీద మచ్చలో మార్పు లేదు. డార్క్ మ్యాటర్ ఇలాగే ఉంటే దాన్ని తగులుకోని డార్క్ మ్యాటర్ అనాలి.

అప్పుడు అది అడిగింది: "మరి కొంచెమే తగులుకుంటే? నీళ్ళంత కాదు, వెలుతురంత కాదు, మధ్యల?" నా ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క ప్రశ్నే. ఆ పిల్ల ఇరవై నిమిషాల్లో అక్కడికి వచ్చేసింది.

జూలై 2, బుధవారం

మొన్న సోమవారం జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తీసిన బుల్లెట్ క్లస్టర్ ఫోటో వచ్చింది. నేను ఇదే పని మీద ఉండగానే రావడం, చూస్తుంటే ఒళ్ళు పులకరించింది. వెనక ఉన్న మసక గెలాక్సీలు అంతకు ముందు కన్నా చాలా ఎక్కువ దొరికాయి కాబట్టి బరువు మ్యాపు ఇంకా నిశితంగా గీశారు. ఏ గెలాక్సీకీ చెందకుండా క్లస్టర్ మధ్యలో తిరిగే విడి నక్షత్రాల వెలుగు డార్క్ మ్యాటర్ పరుచుకున్న తీరునే అనుసరిస్తోందని కూడా చెప్పారు. ఇంకేం రాయలేదు ఇవాళ, ఫోటో చూస్తూ కూర్చున్నా.

జూలై 6, ఆదివారం

"కొంచెం తగులుకోవడం" అనేదాన్ని కోడ్‌లో పెట్టాలి. దీనికి వాడే కొలత గ్రాముకి ఇన్ని చదరపు సెంటీమీటర్లు అని, అంటే ఒక గ్రాము డార్క్ మ్యాటర్‌ని ఎదురుగా పెడితే అది ఎంత వెడల్పు లక్ష్యంలా పనిచేస్తుంది అని. ఒకటి అనే విలువ పెద్దదా చిన్నదా నాకు చాలా రోజులు అందలేదు. ఇవాళ వంటింట్లో అందింది.

బుల్లెట్ లాంటి క్లస్టర్ నడిమధ్యలోంచి సూటిగా ఇటు నుంచి అటు గీత గీస్తే, ఆ దారిలో చదరపు సెంటీమీటర్‌కి సుమారు 0.3 గ్రాముల పదార్థం ఉంటుంది. లక్షల కాంతి సంవత్సరాల దారంతా కలిపి. స్టీలు పళ్ళెం తీసి స్కేలు నిలబెట్టి మూడు మిల్లీమీటర్ల లోతు నీళ్ళు పోశా, చదరపు సెంటీమీటర్‌కి సరిగ్గా 0.3 గ్రాములు. పళ్ళెం అడుగున ఉన్న గీతలు కూడా కనిపిస్తున్నాయి, చూపుడు వేలు పెడితే గోరు కూడా పూర్తిగా మునగలేదు. క్లస్టర్ మొత్తం దాటే కణానికి దారిలో అడ్డు వచ్చేది ఇంతే. గ్రాముకి ఒక చదరపు సెంటీమీటర్ అయితే ఈ మూడు మిల్లీమీటర్లు దాటేలోపు పది కణాల్లో దాదాపు మూడు ఎక్కడో ఒక చోట తగులుకుంటాయి. ఏడు తగలకుండా పోతాయి. చిన్నదేం కాదు ఆ విలువ, అణు కేంద్రకాలు తగులుకునే స్థాయి అది.

నా యూనిట్లలోకి మారిస్తే 2.09 వస్తుంది. మొదట వెయ్యి కోట్ల సూర్యుళ్ళ యూనిట్ సంగతి మర్చిపోయి వేశా, ఒక్క కణం కూడా తగల్లేదు. ఒక పెట్టెలో కణాలు సమానంగా నింపి, ఒకటి దూర్చి, ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టి చేతి లెక్కతో సరిపోయాకే అసలు కోడ్‌లో కలిపా. తగిలిన జతని ఏ దిక్కుకైనా సమాన అవకాశంతో తిప్పి వదలడం, మొమెంటమ్, ఎనర్జీ రెండూ మారకుండా.

జూలై 13, ఆదివారం

బయట బోనాల సందడి, సికింద్రాబాద్ వైపు రోడ్లన్నీ నిండుగా ఉన్నాయి. పొద్దున గుడికి వెళ్ళొచ్చి మధ్యాహ్నం కూర్చున్నా.

పెద్ద క్లస్టర్ బరువు చిన్నదానికి పది రెట్లు. డార్క్ మ్యాటర్ కణాలు మొత్తం 20,000, అందులో చిన్న గుంపువి 1,800. చిన్న గుంపుకి గెలాక్సీలు నలభై. తగులుకునే విలువ ఒకటి. చిన్న గుంపు మధ్యలోంచి దాటి బయటపడి 15 కోట్ల సంవత్సరాలు అయిన చోట ఆపాను, ఎందుకంటే నిజం బుల్లెట్‌లో రెండు గుంపుల మధ్య దూరం 720 కిలోపార్సెక్‌లు, షాక్ వేగం సెకనుకి 4,700 కిలోమీటర్లు, భాగిస్తే అంతే వస్తుంది. (షాక్ వేగం, గుంపు వేగం ఒకటి కాదని 2007లో స్ప్రింగెల్, ఫరార్ సిమ్యులేషన్ చేసి చూపించారు, గుంపు అసలు వేగం 2,700 దగ్గరే వచ్చింది వాళ్ళకి. పెద్ద క్లస్టర్ గ్యాస్ కూడా ఎదురొస్తూ ఉంటుంది కాబట్టి. దీని మీద ఇంకో రోజు రాయాలి.)

గెలాక్సీల సగటు స్థానం, డార్క్ మ్యాటర్ సగటు స్థానం తీసి తేడా చూశా. 61 కిలోపార్సెక్‌లు! గెలాక్సీలు ముందు, డార్క్ మ్యాటర్ వెనక, దిక్కు కూడా కరెక్టు. అమ్మని పిలిచి చూపించా, మేనకోడలికి ఫోన్ చేసి చెప్పా, రాత్రి అన్నం సగం తిన్నా.

జూలై 14, సోమవారం

మెట్రోలో వెళ్తుంటే తట్టింది. నిజం బుల్లెట్ క్లస్టర్‌లో గెలాక్సీలకీ మొత్తం బరువుకీ మధ్య తేడా 2008లో రాండాల్ వాళ్ళు కొలిచారు: 25 కిలోపార్సెక్‌లు, అటూ ఇటూ 29. అంటే సున్నా అన్నా తప్పు లేదు. హబుల్, మాగెల్లన్, చంద్రా టెలిస్కోపులన్నీ కలిపి వాళ్ళు 29 తప్పు వస్తుంది అని రాస్తే, నా 61కి తప్పు ఎంతో నేను రాయనే లేదు.

సాయంత్రం రాగానే తగులుకునే విలువ సున్నా పెట్టి నడిపా. డార్క్ మ్యాటర్ అసలేం తగులుకోదు కాబట్టి తేడా సున్నా రావాలి. 38 వచ్చింది.

జూలై 20, ఆదివారం

వారం అంతా సున్నా రన్‌లే. గెలాక్సీలని మొదట్లో ఎక్కడెక్కడ చల్లాలో తేల్చే ర్యాండమ్ సీడ్ (మార్చితే చుక్కలు వేరేగా పడే నంబర్) మార్చి మార్చి పది సార్లు. తేడాలు మైనస్ 41 నుంచి ప్లస్ 52 వరకు వచ్చాయి. తగులుకోవడం ఏమీ లేకుండానే!

కారణం కాయితం మీద రెండు లైన్లలో తేలింది. గుంపు వెడల్పు 200 కిలోపార్సెక్‌ల దాకా, గెలాక్సీలు నలభై, నలభైకి వర్గమూలం ఆరు చిల్లర, 200ని దాంతో భాగిస్తే 32. నలభై చుక్కలతో మధ్య స్థానం కనుక్కుంటే 32 కిలోపార్సెక్‌లు అటో ఇటో జరగడం మామూలే. పోయిన ఆదివారం నేను సంబరపడిన 61లో చాలా భాగం ఆ చల్లడంలో ఉన్నదే. ఇది నా సిమ్యులేషన్‌కే కాదు, ఆకాశంలో క్లస్టర్‌కి కూడా ఉన్న చిక్కే, అక్కడైతే సీడ్ మార్చి ఇంకోసారి గుద్దించలేం, ఉన్న గెలాక్సీలు ఉన్నన్నే.

ఇలా దొరికి మళ్ళీ పోయింది నాకొక్కడికే కాదు. ఏబెల్ 3827 అనే క్లస్టర్‌లో ఒక గెలాక్సీ డార్క్ మ్యాటర్ దాని నుంచి ఐదు వేల కాంతి సంవత్సరాలు వెనకబడి ఉందని 2015లో రాశారు, 2018లో ఆల్మా రేడియో టెలిస్కోపుతో మరింత మంచి డేటా వచ్చాక ఆ తేడా నిలవలేదని అదే పనిలో ఉన్నవాళ్ళే ప్రకటించారు. నాకు ఆ రెండో పేపర్ మీద చాలా గౌరవం.

ఇంకో సంగతి కూడా మనసులో తిరుగుతోంది. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ మన ఊరిదే, తర్వాత బేగంపేటకి మారింది. ఆకాశం మొత్తాన్నీ గాజు ప్లేట్ల మీద ఫోటో తీసి ప్రతి నక్షత్రం స్థానం కొలిచే అంతర్జాతీయ పనిలో హైదరాబాద్‌కి కూడా ఒక వాటా వచ్చింది. ప్లేటు మీద చుక్క ఉంటుంది, ఆ చుక్క నడిమధ్య ఎక్కడ అని మైక్రోస్కోప్‌లో చూసి చేత్తో రాయాలి, వేలకు వేలు, ఏళ్ళ తరబడి. వందేళ్ళ కింద అక్కడ కూర్చున్నవాళ్ళదీ నాదీ ఒకటే ప్రశ్న, మధ్య ఎక్కడ. వాళ్ళు ఎంత ఓపికగా చేశారో ఈ వారం తెలిసొచ్చింది నాకు.

జూలై 27, ఆదివారం

మార్చినవి రెండే. గెలాక్సీలని నలభై నుంచి రెండు వేలకి పెంచా, బరువు దాదాపు లేకుండా, గురుతు చుక్కల్లాగా. అప్పుడు సున్నా రన్‌లో తేడా ఆరు ఏడు కిలోపార్సెక్‌ల లోపలికి వచ్చేసింది. విలువ ఒకటి పెట్టి పది సార్లు నడిపితే సగటున 17. ఇప్పుడు ఈ 17ని నమ్మొచ్చు.

రెండోది మధ్యని కనుక్కునే పద్ధతి. తగులుకున్న కణాలు వెనక్కి రాలి తోకలా మిగిలిపోతాయి, సగటు తీస్తే ఆ తోక మొత్తాన్నీ వెనక్కి లాగుతుంది. అందుకని పెద్ద వృత్తం గీసి, లోపలి వాటి సగటు తీసి, వృత్తం కాస్త కుదించి, మళ్ళీ తీసి, అలా శిఖరం దాకా పోయా. తేడా 9కి పడింది. రన్ అదే, కణాలు అవే, మధ్య అనే మాటకి అర్థం మారితే 17 కాస్తా 9. కాబట్టి ఇక నుంచి తేడా రాసిన ప్రతి చోటా పక్కనే పద్ధతి కూడా రాస్తా.

పైగా ఈ తేడా నిలిచి ఉండేది కాదు. రన్ ఇంకా ముందుకి పోనిస్తే, ముందున్న గెలాక్సీలని వెనక డార్క్ మ్యాటర్ లాగుతుంది, అవి వెనక్కి వచ్చి, దాటి, మళ్ళీ ముందుకి, ఊయలలా. ఒక స్నాప్‌షాట్‌లో గెలాక్సీలు వెనక, డార్క్ మ్యాటర్ ముందు కూడా కనిపించాయి. ఆకాశంలో మనకి ప్రతి క్లస్టర్‌కీ దొరికేది ఒక్క స్నాప్‌షాటే. అందుకే 2015లో హార్వే వాళ్ళు ఒక్కదాన్ని పట్టుకోకుండా 30 క్లస్టర్లలో 72 గుద్దుకోవడాలు కలిపి చూశారు, తగులుకునే విలువ గ్రాముకి 0.47 చదరపు సెంటీమీటర్ల కంటే తక్కువే ఉండాలన్నారు. నా పళ్ళెం లెక్కలో అయితే పదిలో ఒకటి, ఒకటిన్నర తగులుకోవడం.

మేనకోడలు వచ్చింది మళ్ళీ. గ్రాఫ్ చూపించా, 61 కొట్టేసి 17, 9 రాసినది. కాసేపు చూసి "మామా, 0.47 పెడితే ఎంత వస్తది, సున్నా రన్ నుంచి వేరుగా కనిపిస్తదా" అంది. నాకూ తెలీదు. రెండు వేల గెలాక్సీలు సరిపోవేమో అనిపించి ఎనిమిది వేలు చేశా, డార్క్ మ్యాటర్ కూడా రెట్టింపు చేశా, ఎనిమిది వేల చుక్కలకి తప్పు రెండు కిలోపార్సెక్‌ల చిల్లర ఉండాలి. ముందు సున్నా రన్ పెట్టాం, ఎంటర్ అదే కొట్టింది. రాత్రి తొమ్మిదిన్నరకి 300వ స్టెప్ సేవ్ అయింది, బయట చినుకులు మొదలయ్యాయి, కరెంట్ ఉంది.